అన్న పాసు

గుగులోతు భోజ్యాను భూపాలపల్లిలో భోజ్యా అని పిలిచే మనిషి లేడు. శివార్లలోని బూడిద ఇటుకల ఫ్యాక్టరీలో గేటు కాపలాదారు మొదలుకొని, సందు చివరి చాయ్ హోటల్ యజమాని దాకా అందరికీ అతడు బలరామే. బలరాం అతని అన్న. ఆ అన్న చనిపోయి చాలా ఏళ్లు గడిచాయి.

ఈ సంగతి గార్ల దగ్గరి వారి తండాలో అందరికీ తెలుసు. తండా దాటితే ఒక్క సదానందానికి తప్ప ఎవరికీ తెలియదు. సదానందం ఆ ఫ్యాక్టరీలో మేస్త్రి. మంచివాడు కాదు, చెడ్డవాడూ కాదు. పని ఆగకుండా చూసుకోవడం ఒక్కటే తెలిసినవాడు.

తండ్రి చిన్నతనంలోనే పోతే భోజ్యాను పెంచినవాడు బలరాం. తమ్ముడు బడికి వెళ్లాలని తాను మేకల వెంట వెళ్లాడు. ఇద్దరిదీ ఒకే నుదురు, ఒకే ముక్కు, నవ్వితే ఒకే పక్కకు వంగే పెదవి. బలరాంకు ఇటుకల ఫ్యాక్టరీలో పని దొరికినప్పుడు మెడలో వేసుకోవడానికి ఒక పాసు ఇచ్చారు. ఫోటో తపాలా బిళ్లంత ఉండేది. ఒక్క వానాకాలం గడిచేసరికి అది వెలిసిపోయి, అన్నదో తమ్ముడిదో చెప్పలేనట్లు తయారైంది.

తండాలో చాలా ఇళ్లకు ఒక పద్ధతి ఉండేది. మిరప ఏరే కాలంలో పాసు ఉన్న మనిషి ఇంటికి వస్తాడు. తమ్ముడో బామ్మర్దో ఆ పాసు మెడలో వేసుకొని అతని స్థానంలో పనికి వెళ్తాడు. హాజరు తప్పదు, మేస్త్రి చూసీచూడనట్లు ఊరుకుంటాడు. దీనిని మోసమని ఎవరూ అనుకోలేదు. నాగలి ఇంటిదైనట్లే పాసు కూడా ఇంటిదేనని అనుకున్నారు.

ఆ ఏడాది కూడా అలాగే జరిగింది. బలరాం మిరప ఏరడానికి ఇంటికి వచ్చాడు, భోజ్యా పాసు వేసుకొని భూపాలపల్లి వెళ్లాడు. తోటలో ఉండగానే బలరాంకు పచ్చకామెర్లు ముదిరాయి. పసరు మందు పోశారు. దవాఖానకు తీసుకువెళ్దామని బండి మాట్లాడేలోపే ప్రాణం పోయింది. అతడు తండాలో కన్ను మూసిన ఆ రోజున ఫ్యాక్టరీ హాజరులో బలరాం పనికి వచ్చాడు, సాయంత్రం దాకా ఇటుకలు మోశాడు.

దహనం ముగిసిన మూడో నాడు భోజ్యా తిరిగి వెళ్లి సదానందం ముందు పాసు పెట్టాడు.

"అన్న పోయిండు మేస్త్రీ. ఇగ ఇది మీకే."

సదానందం పాసును ముట్టుకోలేదు. "పోయిండని ఆఫీసుల చెప్తే పాసు గుంజుకుంటరు. కొత్తోళ్లను తీసుకుంటలేరు. నీకు పనుండదు, మీ వదినెకు గింజలుండవు. మెడల ఏస్కో. పిలిస్తే పలుకు. గంతే."

భోజ్యా మెడలో వేసుకున్నాడు. వచ్చే కూలిలో సగం వదిన రాజీకి ఇవ్వాలని తండా పెద్దలు తీర్పు చెప్పారు. ఆ మాట అతడు ఏనాడూ తప్పలేదు. కానీ ఆ తీర్పులో ఇంకొక భాగం ఉంది. 

భర్త పోయిన లంబాడీ స్త్రీ చెంపల పక్కన వేలాడే వెండి ఘుగ్రీలను, మోచేతి పైన వరుసగా ఉండే తెల్లని గాజులను తీసివేయాలి. పన్నెండో నాడు ముసలమ్మలు చుట్టూ కూర్చున్నారు. రాజీ రెండు చేతులూ చాచింది. అప్పుడు తండా నాయక్ లేచి, ఆగమన్నాడు. కంపెనీవాళ్లు ఎప్పుడైనా విచారణకు వస్తే బలరాం భార్య ముత్తయిదువగానే కనబడాలన్నాడు. ముసలమ్మలు ఒకరి ముఖం ఒకరు చూసుకొని లేచిపోయారు. రాజీ చాలాసేపు చేతులు అలాగే చాచి కూర్చుంది. ఏడవడానికి వచ్చినవారు ఏడవాలో వద్దో తెలియక ఒక్కొక్కరే వెళ్లిపోయారు.

భూపాలపల్లిలో తొలి నెలల్లో "బలరాం" అని పిలిస్తే భోజ్యా తిరిగి చూసేవాడు కాదు. చెవుడు ఉందేమోనని తోటివారు ఎగతాళి చేసేవారు. తరువాత అలవాటైంది. ఇంకొన్నాళ్లకు నిద్రలో పిలిచినా పలికాడు. అతని భార్య ద్వాలికి మాత్రం అలవాటు కాలేదు. కార్మికుల బీమా కార్డులో భార్య పేరు రాజీ అని ఉండటంతో, జ్వరం వచ్చి మందులకు వెళ్లినా ఆమె రాజీగానే వరుసలో నిలబడాలి.

"నీకైతే ఒక్క పేరే మారింది," అనేది ద్వాలి పొయ్యి ఊదుతూ. "నాకు మొగుడు సుత మారిండు. గా డాక్టరు నా పేరు అడిగినప్పుడల్ల మా అక్క మొగుణ్ణి కట్టుకున్నట్టు సిగ్గయితది."

"నవ్వకే, ఎవరన్న వింటరు."

"నవ్వుతున్ననా నేను?"

ఆమె నిజంగానే నవ్వడం లేదు.

ఇలా నడుస్తుండగా ఒక ఉదయం ఫ్యాక్టరీ గేటుకు తాళం కనబడింది. యజమాని నష్టం వచ్చిందన్నాడు. మర్నాడు యంత్రాలను లారీలకు ఎక్కించారు. కార్మికులు కొందరు గోదావరిఖని దారి పట్టారు, కొందరు కాళేశ్వరం వైపు కాలువ పనులకు వెళ్లారు. భోజ్యా వయసుకు, అతని దగ్గుకు ఎక్కడా పని దొరకలేదు. చాయ్ హోటల్ దగ్గర సదానందం కలిసి ఒక మాట చెప్పాడు.

"బీమా కట్టినోనికి నౌకరి పోతే కొన్ని నెలలు సగం జీతం ఇస్తరట బలరాం. నేను దరఖాస్తు పెట్టుకున్న, వచ్చింది. నువ్వు సుత పెట్టుకో. నీ కార్డు మీద మానుకోట బీమా కచ్చీరు ఉన్నది. గాడికి పోవాలె."

"నా కార్డు కాదు గద మేస్త్రీ."

"మల్ల అదే మాట. ఇటుకలు మోసింది ఎవరు? బూడిద మింగింది ఎవరు? కట్టింది నీ చెమటల నుంచే కాదా?"

ఆ మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అందుకే భోజ్యాకు అది మరింత భయం కలిగించింది. ఇంతవరకు అతడు పిలిస్తే పలికాడు, అంతే. ఇప్పుడు తానే వెళ్లి ఒక అధికారి ముందు నిలబడి, నేను బలరాంను అని చెప్పాలి.

మానుకోట కార్యాలయంలో సుజాత అనే అధికారిణి ఉంది. విసుగు లేని మనిషి. భోజ్యాను కుర్చీలో కూర్చోబెట్టి, వేలు యంత్రం మీద పెట్టమంది. యంత్రం ఒప్పుకోలేదు. చెయ్యి తుడిచి మళ్లీ పెట్టమంది. పది వేళ్లూ ప్రయత్నించారు. యంత్రంలో ఉన్నవి అన్న వేలిముద్రలేనని భోజ్యాకు తెలుసు. ఆమె అతని అరచేతిని తిప్పి చూసింది. సున్నమూ బూడిదా తిని, వేళ్ల కొసలు గోలీకాయల్లా నున్నగా ఉన్నాయి.

"అయ్యో, గీతలన్నీ అరిగిపోయినయి గదా," అంది జాలిగా. "మీ తప్పేం లేదు. ఇటుకలోళ్లందరికీ ఇదే గతి. పరేషాన్ కాకండి, దీనికి వేరే దారి ఉంది. నేనే మీ తండాకు వస్తా. ఇద్దరు పెద్దమనుషులు, మీ ఇంటామె మీరే బలరాం అని చెప్తే చాలు. అక్కడే మీ ముఖం నమోదు చేస్తా. ఇగ మీదట వేలితో పని లేదు, మీ ముఖమే మీ సాక్ష్యం."

"మీరెందుకు మేడం అంత దూరం," అన్నాడు భోజ్యా. 

"మీ అసొంటోళ్లు నాలుగుసార్లు తిరుగుతే చార్జీలకే అయిపోతయి. నేనే వస్తా."

కసురుకొని ఉంటే అతడు తిరిగి వెళ్లిపోయేవాడు. దయతో మాట్లాడిన మనిషికి వద్దని చెప్పే మాట అతనికి దొరకలేదు.

గార్ల స్టేషన్‌లో రైలు దిగి, ద్వాలితో కలిసి తండాకు నడిచాడు. రోడ్డు పక్కన, మిరప చేల అంచున, అన్నను కాల్చిన వాగు ఒడ్డు కనబడింది. అక్కడ ఒక రాయి పాతి ఉంది. దాని మీద పేరు లేదు. పేరు రాయవద్దని చెప్పింది తానే. ద్వాలి అటు చూడకుండా చెంగు ముఖానికి అడ్డం పెట్టుకొని నడిచింది.

తండాలో సంగతి చెప్పగానే మొదట నవ్వులాటగా సాగింది. నాయక్ తాను చెప్పబోయే సాక్ష్యాన్ని అందరి ముందూ పాఠంలా అప్పజెప్పాడు. పక్కింటి ముసలమ్మ మాత్రం చెవి దగ్గర చెయ్యి పెట్టుకొని, "బలరామా? వాడు కాలిపాయె గదనే," అంది. కోడళ్లు నవ్వారు. నాయక్ నవ్వలేదు. ఆ ముసలమ్మను విచారణ నాడు చెల్లెలి ఇంటికి పంపాలని చెప్పాడు. ఆ మాట తరువాత ఎవరూ నవ్వలేదు.

రాజీ ఇంటి ముందు ఎండుమిరప కుప్ప పక్కన కూర్చొని తొడిమలు తీస్తోంది. తల వంచినప్పుడల్లా చెంపల మీద ఘుగ్రీలు చిన్నగా మోగుతున్నాయి. వెండి నల్లబడింది. భోజ్యా ఎదురుగా కూర్చొని తానూ తొడిమలు తీయడం మొదలుపెట్టాడు. ఇద్దరూ తమ లంబాడీ భాషలోనే మాట్లాడుకున్నారు.

"వదినా, ఆ మేడం వస్తది. నన్ను చూపెట్టి, ఈయన ఎవరని అడుగుతది."

"ఏం చెప్పమంటవ్?"

"నీ మొగుణ్ణని చెప్పాలె."

రాజీ చేతులు ఆగలేదు. "నీ పెండ్లాం ఒప్పుకున్నదా?"

"దాన్ని నీ చెల్లె అని చెప్పుకుంటం."

"మంచిగున్నది," అంది రాజీ. ఇంకొన్ని మిరపకాయలు ఒడిలోకి లాక్కుంది. "పోయిన ఏడు పించన్లు రాసుకపోనీకి వచ్చిన్రు. ఒంటరాడోళ్లు అందరు పోయి కూసున్నరు. నేను సుత పోయిన. గా రాసేటాయన నా గాజులు చూసి నవ్విండు. నీ మొగుడు భూపాలపల్లిల నౌకరి చేస్తుండు గదమ్మా, నీకెందుకు అన్నడు. లేచొచ్చిన."

"నాకు చెప్పలేదేంది?"

"చెప్తే ఏం చేస్తవ్?"

 మిరప ఘాటుకు భోజ్యా కళ్లు మండుతున్నాయి. తుడుచుకోవడానికి వీలు లేదు, చేతులకూ అదే ఘాటు.

"కొన్ని నెలలే వదినా. గా పైసలు వచ్చినంక అన్న పోయిండని మనమే రాపిద్దాం. నీ పించను నీకు వస్తది. నా మీద ఒట్టు."

అప్పుడు రాజీ చేతులు ఆపింది. అతని ముఖంలోకి తేరిపార చూసింది.

"ఇన్నొద్దులు మీ అన్నకు కాయితం మీద ముఖం లేకుండె. ఫోటో పోయింది, వేలు పోయింది. పేరొక్కటే ఉండె. రేపు నీ ముఖం తీసుకపోయి ఆ పేరుకు అతికిస్తరు. ఆ తర్వాత బలరాం సచ్చిండని రాపియ్యాలంటే ఎవరు సావాలె భోజ్యా?"

భోజ్యా తొడిమ తీయని మిరపకాయను చేతిలో పట్టుకొని అలాగే ఉండిపోయాడు. ఇంటి వెనుక మేక ఒకటి అరిచి ఊరుకుంది.

"నువ్వు సచ్చేదాక ఆయన సావడు," అంది రాజీ, ధాన్యం ఆరిందో లేదో చెప్పినంత మామూలుగా. "నువ్వు నాకంటె చిన్నోడివి. నేనే ముందు పోత. ఈ గాజులతోనే నన్ను కాలుస్తరు. ఆయనను సావనియ్యి. నేనింకేం అడుగుత లేను."

"మరి మాకు కూడు?"

 రాజీ మళ్లీ తొడిమలు తీయసాగింది.

విచారణ నాటి ఉదయం ఆకాశం కమ్ముకొని ఉంది. ఆరబెట్టిన మిరప తడుస్తుందని పట్టాలు కప్పారు. సుజాత గార్ల నుంచి ఆటోలో వచ్చింది. తండా జనం ఆమెను చూడటానికి రాకుండా, ఎవరి ఇంటి తలుపు వెనుక వారు నిలబడ్డారు. ఆ నిశ్శబ్దం ఆమెకు వింతగా తోచినట్లుంది. ఒకటి రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది.

నాయక్ మంచం వేయించి కూర్చోబెట్టాడు. అడగకముందే అన్నాడు. "గీయన బలరామే మేడం. నా చేతుల మీద పెరిగిన పోరడు."

"సరే పెద్దాయనా. అడిగినంక చెప్పుదురు గాని," అంది సుజాత నవ్వుతూ. తరువాత భోజ్యా వైపు తిరిగి ఫోన్ పైకెత్తి పట్టుకుంది. "ఇటు చూడండి. ఫోన్ చెప్పినప్పుడు కళ్లు ఆర్పాలె. కదలొద్దు."

ఫోన్ తెర మీద ఒక గుండ్రని గీత కనబడింది. దాని మధ్య తన ముఖం. గడ్డం నెరిసింది, పెదవి ఒక పక్కకు వంగింది. బతికి ఉంటే అన్న ఇప్పుడు ఇలాగే ఉండేవాడు. భోజ్యా చూస్తుండగా అది తన ముఖమన్న నమ్మకం సడలింది. కింద గడిలో పేరు సిద్ధంగా ఉంది: గుగులోతు బలరాం. గీత పచ్చగా మారడానికి ఒక్క రెప్పపాటు మిగిలింది.

అతడు కళ్లు ఆర్పలేదు. నీళ్లు కారుతున్నా ఆర్పలేదు.

"ఆర్పండి బలరాం గారూ. భయం దేనికి?"

అప్పుడే రాజీ నీళ్ల చెంబుతో బయటికి వచ్చింది. ఆమె నడకలో ఎప్పుడూ వినబడే చిరుసవ్వడి లేదు. చెంపలు బోసిగా ఉన్నాయి. చెంబు అందించడానికి చెయ్యి చాచినప్పుడు రవిక చేతి కింది నుంచి మోచేయి దాకా చర్మం తెల్లగా, తడిలో నానినట్లు పాలిపోయి కనబడింది. పెళ్లినాటి నుంచి వెలుతురు తగలని చర్మమది.  నాయక్ తల దించుకున్నాడు.

సుజాత చెంబు అందుకుంది కానీ తాగలేదు. ఈ జిల్లాలో పుట్టి పెరిగిన మనిషి. తండాల్లో ఆ బోసి చేతులకు అర్థమేమిటో ఆమెకు ఒకరు చెప్పనవసరం లేదు.

"ఈమె ఎవరు?" అని మెల్లగా అడిగింది.

నాయక్ నోరు తెరిచాడు. ద్వాలి గడప దగ్గర నిలబడి భర్త వైపు చూస్తోంది. ఆ చూపులో వద్దన్న వేడుకోలు ఉంది, కానియ్యన్న అలసట కూడా ఉంది. భోజ్యా ఫోన్ ముందు నుంచి పక్కకు జరిగాడు.

"మా వదినె మేడం. బలరాం పెండ్లాం. మా అన్న లేడు. కామెర్లతోని పోయిండు. నేను భోజ్యాను. అన్న పాసు మీద పని చేసిన."

సుజాత ఫోన్ ఆపి ఒడిలో పెట్టుకుంది.  ఆటో డ్రైవర్ దూరంగా హారన్ కొట్టి, ఆమె ముఖం చూసి ఊరుకున్నాడు.

"మీకు సాయం చేద్దామని వచ్చిన," అంది చివరికి. "ఇప్పుడు విన్నది వినలేదని అనలేను. పైకి రాయాలె. ఈ భృతి రాదు. ఇదివరకు తీసుకున్న మందుల లెక్క అడగొచ్చు. కేసు పెడతరో, వదిలేస్తరో నా చేతుల లేదు. మీ మేస్త్రిని సుత పిలుస్తరు."

"నేను పని చేసింది, మేడం? అన్నేండ్లు?"

"భోజ్యా అనే మనిషి ఆ ఫ్యాక్టరీల ఒక్క దినం సుత పని చెయ్యలేదు. రికార్డుల అట్లనే ఉంది." ఆ మాట అన్నందుకు ఆమే నొచ్చుకున్నట్లు కళ్లు దించుకుంది. రాజీ వైపు తిరిగింది. "అమ్మా, నీ భర్త మరణం ఆలస్యంగానైనా రాపియ్యొచ్చు. ఏ దారిల పోవాలో నేను చెప్త. ఏ రోజు పోయిండో యాదికున్నదా?"

"మరిచే దినమా అది," అంది రాజీ.  "ఆ దినం ఆయన భూపాలపల్లిల డ్యూటీ చేసిండని ఉంటది మేడం. ఆ తర్వాత సుత చేసిండని ఉంటది. నేను చెప్పేది నమ్ముతరా?"

 సుజాత సంచిలో నుంచి తెల్లకాగితం తీసి, భోజ్యా చెప్పినదంతా తన చేతితో రాసింది. చదివి వినిపించింది. "మీరు చెప్పినట్లే ఉందా?" అని అడిగింది. ఉందన్నాడు. కింద సంతకం చేయమని పెన్ను ఇచ్చింది.

భోజ్యా కాగితాన్ని మోకాలి మీద పెట్టుకొని సంతకం చేశాడు. జీతం తీసుకున్న ప్రతిసారీ చేసిన సంతకం అది. చూడకుండానే చెయ్యి దానంతట అది కదిలింది. సుజాత దానిని చూసి, అతనికే తిప్పి చూపింది. బలరాం, అని ఉంది.

ఆమె ఆ కాగితాన్ని చింపివేయలేదు. మడిచి సంచిలో పెట్టుకుంది. మరొక కాగితం తీసి మళ్లీ మొదటి నుంచి రాయసాగింది. రెండోసారి భోజ్యా ఒక్కొక్క అక్షరమే, బడిలో పలక మీద దిద్దినట్లు రాశాడు. సంచిలో ఉన్న మొదటి కాగితం తన మీద సాక్ష్యమవుతుందా అని అడగాలనుకున్నాడు. అడగలేదు.

ఆటో వెళ్లిపోయింది. చినుకులు మొదలయ్యాయి. రాజీ వాగు వైపు నడిచి వెళ్తోంది. కొంగులో మూట ఉంది. గాజులు, ఘుగ్రీలు కావచ్చు. తోడుగా ముసలమ్మలు ఒకరి వెనుక ఒకరు ఇళ్లలో నుంచి బయటికి వచ్చి ఆమె వెంట నడిచారు. వారిలో ఒకామె గొంతు పైకి లేచింది. అది పన్నెండో నాడు ఆగిపోయిన ఏడుపు. ద్వాలి కూడా చెంగు బిగించుకొని వారితో కలిసింది.

భోజ్యా జేబులో ఫోన్ మోగింది. భూపాలపల్లి నుంచి సదానందం.

"ఏమాయె బలరాం? మేడం వచ్చిపోయిందా? పని అయిందా?"

వాగు వైపు నుంచి ఏడుపు వానలో కలిసి వినబడుతోంది. భోజ్యా ఫోన్‌ను చెవి దగ్గరే పట్టుకున్నాడు.

"బలరాం, ఇనబడుతుందా? ఓ బలరాం."

అతడు పలకలేదు.